మేజోడు అడిగిన ప్రశ్న

కూతురి పిక్క మీద చెయ్యి వెయ్యగానే టీచరమ్మ గుండె గుభేలుమంది. అది పిక్కలా లేదు, రోకలిబండలా ఉంది. మడమకి కాస్త పైన, నరం దిగే చోట వేలు ఆనీ ఆనకముందే పిల్ల కాలు చటుక్కున వెనక్కి లాక్కుంది.

"నొప్పిగా ఉందా?"

"అబ్బే, ఏం లేదమ్మా. చల్లటి చెయ్యి పెట్టావు, అంతే."

చల్లటి చెయ్యట! మిట్టమధ్యాహ్నం, మైదానంలో జనం కూర్చునే మెట్లకి అడుగున, రేకు తలుపుల గది అది. గోడలే చెమటలు కక్కుతున్నాయి. నొప్పుల మందు వాసన, రబ్బరు బూట్ల వాసన, ఎవరో ఒలకబోసిన నిమ్మనీళ్ళ వాసన కలిసి ముక్కు పుటాలు అదురుతున్నాయి. ఆ ఉడుకులో చల్లటి చెయ్యి ఎక్కణ్ణించి వస్తుంది? అబద్ధం ఆడితే అతికినట్టుండాలంటారు. ఈ పిల్లకి అదీ చేతకాదు.

"ఏదీ, మళ్ళీ చూడనీ."

"అమ్మా, ఊరుకో! అటు చూడు, పచ్చదీపమే కదా."

నిజమే. అప్పుడే విప్పి బల్ల మీద పెట్టిన రెండు పొడవాటి మేజోళ్ళ చివర, చీలమండ దగ్గర, చిక్కుడుగింజంత దీపాలు పచ్చగా వెలుగుతున్నాయి. ఎరుపు వస్తే పడుకోమని, పసుపు వస్తే మెల్లగా నడవమని, పచ్చ వస్తే కండరం కోలుకుంది, ఇక పరిగెత్తమని. మిడతకి దాని మాటంటే మాటే.

మిడత అన్న పేరు మేనమామ పెట్టింది. నడక వచ్చిన నాటినుంచీ నేల మీద కాలు నిలవని పిల్ల. నిన్న మొదటి వడపోత పరుగులో గెలిచింది. ఇంకాసేపట్లో ఎనిమిది వందల మీటర్ల ఆఖరి పోటీ. మొదటి ముగ్గురికీ దేశం జట్టు శిక్షణలో చోటు. వచ్చే ఏడాదికి మిడతకి వయసు దాటిపోతుంది కాబట్టి ఈ గుంపులో ఆమెకి మళ్ళీ పరుగు లేదు. ఆ సంగతి తల్లికి తెలుసు, కూతురికి తెలుసు. అందుకే పరుగు మానెయ్యాలన్న మాట మాత్రం ఇద్దరూ ఎత్తడం లేదు.

ఆ మేజోళ్ళ సంగతి చెప్పాలి. చెప్పకపోతే ఈవిడ బెంబేలు మీకు వట్టి తల్లి గోలలా కనిపిస్తుంది.

వాటిని తయారుచేసినవాడు టీచరమ్మ తమ్ముడు, బుడ్డోడు. ఆసుపత్రిలో గుండె గీతలు తీసే యంత్రాలు బాగుచెయ్యడం అతని ఉద్యోగం. నెత్తి మీద జుట్టు పలచబడింది, కళ్ళకి అద్దాలు వచ్చాయి, అయినా అక్కకి బుడ్డోడే. తల్లి పోయేనాటికి వాడికి బూటు తాడు ముడెయ్యడం రాదు. ఆ ముడి నేర్పింది అక్క. తరవాత అక్క మొగుడు, మిడత పాకే రోజుల్లో, పోయాడు. అప్పటినుంచి అక్కా తమ్ముడూ పిల్లా ఒకే ఇంట్లో ఉంటున్నారు. కింద సైకిళ్ళ దుకాణం, పైన మూడు గదులు. మూడో గది నిండా వాడి తీగలు.

వాడికి ఉద్యోగం ఒక్కటీ సరిపోదు, ఏదో ఒకటి కొత్తగా చెయ్యాలి. మొదట అడుగులు కొలిచే చెప్పులు చేశాడు, అవి పొగ కక్కాయి. తరవాత నడుంపట్టీ చేశాడు, అది కట్టుకున్నవాళ్ళు విప్పడానికి ఇంకొకళ్ళని పిలవాల్సి వచ్చింది. చుట్టాలు పగలబడి నవ్వారు. ఆ నవ్వులు విన్నాక వాడు కొన్నాళ్ళు మూడో గది తలుపు తియ్యలేదు. మూడోసారి చేసినవే ఈ మేజోళ్ళు. వ్యాయామం అయ్యాక వేసుకుంటే గాలి నింపుకుని కాలిని బిగిస్తాయి, వదులుతాయి, సన్నగా చీమలు పాకినట్టు కరెంటు పంపిస్తాయి. కండరం ఎంత బిగిసిందో, ఎంత సడలిందో లోపలి తీగలు కనిపెడతాయి. అంతా అయ్యాక ఫోను తెర మీద ఒక ప్రశ్న వస్తుంది. "ఇప్పుడు నొప్పి ఎంత?" కింద సున్నా నుంచి పది దాకా అంకెలు. ఒకటి నొక్కాలి.

వేసి చూడ్డానికి ఒక మనిషి కావాలి కదా! ఇంట్లోనే ఉంది. టీచరమ్మ బళ్ళో డ్రిల్లు టీచరు. ఒకప్పుడు దూరపు పరుగుల్లో పేరున్న మనిషి, ఇప్పటికీ పొద్దున్నే కూతురితో కలిసి పరిగెత్తుతుంది. "ఏరా, ఉన్నదాన్ని నేనే కదా, నాకే తొడుగు" అంది.

మొదటిరోజు పరుగయ్యాక వేసుకుంది. అయ్యాక ప్రశ్న వచ్చింది. పిక్కల్లో సూదులు గుచ్చుతున్నాయి, మడమ దగ్గర మంట. ఉన్నదున్నట్టు ఏడు నొక్కింది.

"ఏడా?" అన్నాడు బుడ్డోడు. ఆ పూట కంచం ముందు కూర్చున్నాడు, ఒక్క మెతుకు ముట్టలేదు. చెయ్యి కడుక్కుని మూడో గదిలోకి పోయి తలుపేసుకున్నాడు. మర్నాడు రెండు నొక్కింది. వాడి మొహం చేటంత అయింది. ఆ మరుసటి రోజు ఒకటి.

"అక్కా! పనిచేస్తోందే!"

"చెయ్యకేం రా, నా తమ్ముడు చేసింది."

అప్పటినుంచీ ఒకటే. మడమ వాచిన రోజున ఒకటి. వాన రోజుల్లో కాలు కింద పెట్టలేక మంచం మీదే కాసేపు ఏడ్చి, మొహం కడుక్కుని వచ్చి కూడా ఒకటి. మెట్లు దిగేటప్పుడు మూలుగు బయటికి వినపడకుండా కూనిరాగం అందుకునేది. బళ్ళో స్టూలు మీద కూర్చుని ఈల ఊదేది. ఇందులో తప్పేముంది, మీరే చెప్పండి. ఎవరైనా "బాగున్నారా" అంటే రోగాల చిట్టా విప్పుతామా? జ్వరంతో ఒళ్ళు కాలిపోతున్నా "ఆ, బాగున్నాం, మీరెలా ఉన్నారు" అంటాం. ఫోను అడిగింది కూడా అలాంటి పలకరింపే అనుకుంది ఆవిడ. తమ్ముడి తరఫున యంత్రం "బాగున్నావా" అంటోంది, తను "బాగున్నాను" అంటోంది.

అలా ఏడాది గడిచింది. ఈ మధ్యే మిడతకి కూడా అవే మేజోళ్ళు వచ్చాయి.

ఇప్పుడు ఈ గదిలో, రోకలిబండలాంటి పిక్కకీ పచ్చదీపానికీ మధ్య నిలబడి, టీచరమ్మకి మొట్టమొదటిసారి ఒక అనుమానం పుట్టింది. ఈ దీపానికి ఇది పచ్చ అని ఎవరు చెబుతారు?

అంతలో బుడ్డోడే వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, నుదుటి మీద చెమట, ఒళ్ళంతా సంబరం. వెనకాల ఒకావిడ. ఆటల సామాను చేసే పెద్ద కంపెనీ నుంచి మేజోళ్ళు చూడ్డానికి వచ్చిన మనిషి. మిడత పరుగు చూసి, నచ్చితే తమ కార్ఖానాలో వీటిని తయారుచేయిస్తారట.

"ఏమే మిడతా, ఎగురుతావా?"

"ఎగురుతా మామయ్యా!"

"ఒరేయ్ బుడ్డోడా," అంది టీచరమ్మ, "ఈ పచ్చదీపం ఎప్పుడు వెలగాలో దానికి ఎలా తెలుస్తుందిరా?"

వాడు నవ్వాడు. "బాగుంది! ఏడాదిపాటు తొడుక్కుని ఇప్పుడా అడగడం?" అని కంపెనీ ఆవిడ వైపు తిరిగాడు. "దీనికి గురువు మా అక్కేనండీ. కండరం ఎంత బిగిసిందో యంత్రానికి తెలుస్తుంది. అది నొప్పో కాదో దానికేం తెలుసు? మనిషి చెప్పాలి. మొదట్లో వట్టి పిరికిది, ఊరికే ఎరుపు చూపించేది. ఇంత బిగుసుకున్నప్పుడు అక్క ఒకటి అంది. దానికి రెట్టింపు బిగుసుకున్నా ఒకటే అంది. చెప్పగా చెప్పగా దానికి బోధపడింది, ఈ మాత్రానికి మనిషికేం కాదు అని. మా అక్క వల్లే దీనికి ధైర్యం వచ్చింది."

"ఒక్క మనిషి మాట మీదేనా?" అందావిడ.

"మిడత కూడా నొక్కుతుందండీ. దాని అంకెలూ అక్క అంకెలూ అచ్చుగుద్దినట్టు సరిపోయాయి. దాంతో నాకు నమ్మకం కుదిరింది."

తను పలకరింపుకి బదులు పలికిందే గానీ, అది పలకరింపు కాదు, పాఠం. ఆ పిచ్చి యంత్రం ఏడాదిగా ఆవిడ ముందు చేతులు కట్టుకుని కూర్చుని, చెప్పిన ప్రతి అబద్ధాన్నీ బుద్ధిగా నేర్చుకుంది. నేర్చుకున్నదంతా ఇప్పుడు తన కూతురి కాలికి అప్పజెబుతోంది.

తమ్ముడి చొక్కా పట్టుకుని తలుపు పక్కకి లాగింది. "ఒరేయ్, దాన్ని పరిగెత్తనివ్వకు."

"ఏమైంది?"

"నేను అబద్ధం చెప్పానురా."

"ఏం అబద్ధం?"

"నొప్పి. ఒకటి కాదురా. ఏనాడూ ఒకటి కాదు. ఏడు, ఎనిమిది... నువ్వు అన్నం మానేస్తావని, మళ్ళీ ఆ గదిలో దూరి తలుపేసుకుంటావని, ఒకటి నొక్కుతూ వచ్చాను. దాని పిక్క చూడు, రాయిలా ఉంది. మడమ ముట్టుకోనివ్వడం లేదు. నీ దీపం నా మాట నమ్మి పచ్చగా వెలుగుతోందిరా!"

బుడ్డోడి మొహంలో నవ్వు మెల్లగా ఆరిపోయింది. కానీ వచ్చింది నమ్మకం కాదు, కోపం. "అక్కా, నీకు భయమేస్తోంది. పెద్ద పోటీ ముందు తల్లులకి మామూలే. దానికి ఇలాంటి మాటలా?"

"నా మాట విను..."

"మొన్న ఈవిడతో ఫోన్లో ఏమన్నావు? ఈ మేజోళ్ళొచ్చాక మెట్లు పరుగున ఎక్కుతున్నాను అన్నావా లేదా?"

"అన్నాను."

"మరి ఏది అబద్ధం? అప్పుడన్నదా, ఇప్పుడంటున్నదా?"

రెండు మాటలూ తన నోటివే. ఏడాదిపాటు నవ్వుతూ చెప్పినదానికి ఉన్న బలం, ఒక్క నిమిషం ఏడుస్తూ చెప్పినదానికి ఎక్కణ్ణించి వస్తుంది? వాడు చొక్కా విడిపించుకుని, చేతులకున్న చెమట తుడుచుకుని, కంపెనీ ఆవిడని తీసుకుని పై మెట్లకి వెళ్ళిపోయాడు.

టీచరమ్మ కోచ్ మాస్టారి దగ్గరికి పరుగెత్తింది. పరుగెత్తిందంటే, గోడ పట్టుకుని ఈడ్చుకుంటూ వెళ్ళింది. ఆయన మైదానం గుమ్మంలో పిల్లల ఛాతీ అంకెలు సరిచూస్తున్నాడు.

"మాస్టారూ, మా అమ్మాయి కాలు బాగాలేదు. ఆపెయ్యండి."

ఆయన మిడతని పిలిచాడు. "ఏమ్మా, నొప్పా?"

"లేదు సార్."

"ఎగిరి చూపించు."

మిడత ఎగిరింది. రెండు కాళ్ళ మీదా ఎగిరి, నవ్వింది కూడా. ఆ నవ్వు చూస్తే తల్లికి ఒళ్ళు గగుర్పొడిచింది. పెదవులు మాత్రమే నవ్వుతున్నాయి, దవడలు బిగిసి ఉన్నాయి. ఆ నవ్వు ఆవిడకి బాగా తెలుసు. రోజూ అద్దంలో చూసుకునేదే.

"చూశారుగా," అన్నాడు మాస్టారు. "దీపం పచ్చ, పిల్ల బాగుంది. మీరూ డ్రిల్లు టీచరే కదమ్మా, మీరే ఇలా అయిపోతే ఎలా?"

"అది అబద్ధమాడుతోంది మాస్టారూ. దాని పిక్క పట్టి చూడండి."

"అమ్మా!" మిడత దగ్గరికొచ్చి పంటి బిగువున అంది. "నీకు దణ్ణం పెడతా, నా పరువు తియ్యకు. నాకు మళ్ళీ పరుగు లేదు. నీకు తెలుసు."

అంతలో పిలుపు వచ్చింది. పిల్లలు వరసగా లోపలికి వెళ్ళారు. కాపలా అతను ఇనపగేటు మూసి దానికి అడ్డంగా నిలబడ్డాడు. టీచరమ్మ కమ్మీల సందులోంచి చూసింది. గీత దాకా నడిచేటప్పుడు మిడత ఎడమ కాలు మడమ ఆనించడం లేదు. ఎవరికీ కనిపించని సంగతి, తనకి కనిపిస్తోంది. తనూ అలాగే నడుస్తుంది కదా!

ఎవరికి చెప్పాలి? చెప్పాల్సినవాళ్ళందరికీ చెప్పింది. లబోదిబోమన్నా వినేవాడు లేడు. కాళ్ళ మీద పడదామంటే ఎవరి కాళ్ళు పట్టుకోవాలో తెలియదు. ఆ గేటు ముందు నిలబడి ఆవిడ ఒక్క క్షణం నిజంగానే చచ్చిపోదామనుకుంది. అప్పుడు గదిలో బల్ల మీద వదిలేసిన మేజోళ్ళు గుర్తొచ్చాయి.

మగపిల్లల పరుగు ఒకటి ముందు జరుగుతోంది. అది అయ్యేదాకా వ్యవధి ఉంది. మేజోళ్ళు చంకన పెట్టుకుని, కమ్మీ పట్టుకుని, మెట్టుకో మూలుగుతో పైకెక్కింది. ఈసారి కూనిరాగం తియ్యలేదు. బుడ్డోడూ కంపెనీ ఆవిడా ముందు వరసలో ఉన్నారు. వాళ్ళ ఎదురుగా మెట్టు మీద కూలబడి, చీర మోకాళ్ళ పైకి లాక్కుని, మేజోళ్ళు తొడుక్కోవడం మొదలెట్టింది.

"అక్కా! ఏంటిది, అందరి ముందూ!"

"నోరు మూసుకుని చూడు."

మీట నొక్కింది. గుస్సుమని గాలి నిండింది. వాచిన కాలిని బిగించేసరికి కళ్ళ ముందు చుక్కలు కనిపించాయి. అయినా పళ్ళు బిగపట్టింది. ఎరుపు మెరిసింది, పసుపు మెరిసింది. చివరికి రెండు చీలమండల దగ్గరా పచ్చదీపాలు వెలిగాయి.

"ఏ రంగురా?"

"పచ్చ," అన్నాడు బుడ్డోడు విసుగ్గా. "నీ కాళ్ళు బాగున్నాయనేగా? ఇప్పుడు దాని సంగతి ఎందుకు..."

"అయితే చూడు."

లేచి నిలబడింది. మెట్టు అంచున ఎడమ కాలి వేళ్ళు మాత్రం ఆనించి, కుడికాలు గాల్లోకి ఎత్తి, ఒంటి బరువంతా ఆ ఒక్క మడమ మీదికి వదిలింది. డ్రిల్లు పిరియడులో పిల్లలందరి చేతా చేయించే మామూలు కసరత్తే అది.

"అమ్మా!"

ఆ కేకకి పై వరసల్లో జనం లేచి నిలబడ్డారు. టీచరమ్మ మెట్ల మీద పక్కకి ఒరిగి పడిపోయింది. తల్లి పోయిన నాడు కూడా బుడ్డోడు అక్క నోట ఆ మాట వినలేదు. ఆ రోజున ఆవిడ ఏడవలేదు, ఏడుస్తున్న వాడిని చంకనేసుకుని తిరిగింది.

"నొప్పిరా," అంటోంది. "నొప్పిరా బుడ్డోడా. ఏడాదినుంచీ నొప్పే. నావల్ల కాదురా ఇంక."

వాడు మేజోడు లాగేశాడు. మడమకి పైన నరం ముడిపడ్డ తాడులా ఉబ్బి ఉంది, చుట్టూ చర్మం కమిలిపోయింది. ఒకే ఇంట్లో, ఒకే వంటగదిలో తిరుగుతూ వాడు ఆ కాలు ఏనాడూ చూడలేదు. ఫోను చూశాడు, అంకెలు చూశాడు. వాడి చేతిలో వేలాడుతున్న మేజోడు చివర దీపం ఇంకా పచ్చగానే ఉంది.

బుడ్డోడు దాన్ని విసిరేసి, మెట్లు మూడేసి చొప్పున దూకుతూ గేటు వైపు పరిగెత్తాడు. కాపలా అతను చెయ్యి అడ్డం పెట్టాడు. ఇద్దరూ పెనుగులాడుతుండగానే పిస్తోలు పేలింది.

ఎనిమిది మంది పిల్లలు గీత వదిలారు. మిడత మూడోదిగా ఉంది. జనం ఈలలు వేస్తున్నారు. టీచరమ్మ లేవబోయి పడింది, మళ్ళీ లేవబోయింది. కంపెనీ ఆవిడ గబుక్కున చెయ్యందించి, ఆవిడ బరువంతా భుజాన వేసుకుని కింది కమ్మీ దాకా దింపింది. పరుగుబాట మలుపు తిరిగేది సరిగ్గా అక్కడే.

మొదటి చుట్టు ముగిసింది. గంట మోగింది. మిడత ఇంకా మూడో స్థానంలోనే ఉంది. ఎడమ అడుగు పడ్డప్పుడల్లా పిల్ల మెడ పక్కకి లాగుతోంది. నరం తెగితే ఏమవుతుందో డ్రిల్లు టీచరుకి ఒకరు చెప్పక్కర్లేదు. పరుగు పోవడం కాదు, నడకే పోతుంది.

"ఆగవే!" అని అరిచింది. ఈలల్లో కలిసిపోయింది. "ఆగు" అని ప్రతి తల్లీ అరుస్తుంది, ఏ కూతురు ఆగుతుంది? మిడత మలుపులోకి వచ్చేసింది. టీచరమ్మ కమ్మీ మీదికి సగం ఒరిగి, ఊపిరంతా కూడదీసుకుంది.

"ఎనిమిదే! నాది ఒకటి కాదే, ఎనిమిది! రోజూ ఎనిమిదేనే తల్లీ!"

మిడత తల తిప్పింది. చీర చెదిరి, ఒంటికాలి మీద, ఎవరి భుజమో పట్టుకుని, ఊరందరి ముందూ గుక్కపట్టి ఏడుస్తున్న ఆ మనిషిని చూసింది. తన తల్లే. ఇంకో నాలుగడుగులు పరిగెత్తింది. తరవాత అడుగు చిన్నదైంది. వెనక పిల్లలు ఒక్కొక్కరే దాటిపోతుంటే మిడత పక్కకి జరిగి, గడ్డి మీదికి దిగి, కూర్చుండిపోయింది. గేటు తోసుకుని వచ్చిన మేనమామ చేరేసరికి పిక్క రెండు చేతులా పట్టుకుని నోరు తెరుచుకుని ఏడుస్తోంది.

మళ్ళీ అదే రేకు తలుపుల గది. తల్లీ కూతుళ్ళని పక్కపక్క బల్లల మీద పడుకోబెట్టారు. మైదానం డాక్టరు ఇద్దరి కాళ్ళూ చూశాడు. పిల్ల నరం కొంత చిరిగింది, తెగలేదు, ఇంకొంచెం పరిగెత్తి ఉంటే తెగేదే అన్నాడు. తల్లిది పాత వ్యవహారం, కొత్తగా కూడా కొంత పోయింది, పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాలన్నాడు. మంచుగడ్డల సంచులు కట్టి వెళ్ళిపోయాడు. కంపెనీ ఆవిడ గుమ్మం దాకా వచ్చి, లోపలికి చూసి తిరిగి వెళ్ళింది.

బయట గెలిచిన ముగ్గురి పేర్లు చదువుతున్నారు. ఆ ముగ్గురిలో మిడత లేదు. పిల్ల పైకప్పు చూస్తూ పడుకుంది.

"కోపం వచ్చిందా?" అంది టీచరమ్మ.

మిడత కాలికి కట్టిన మంచుగడ్డల సంచి సర్దుకుంది.

"నాకు ఏడుండేది," అంది. "మొదటిరోజు ఏడు నొక్కబోయాను. మామయ్య ఫోన్లో నీ అంకెలు కనిపించాయి. అన్నీ ఒకట్లే. నాతోపాటే పరిగెత్తుతావు, నా కంటే ఇన్నేళ్ళు పెద్దదానివి, నీకు ఒకటి, నాకు ఏడా? సిగ్గేసింది. అందుకని నేనూ ఒకటి నొక్కాను. రోజూ."

పాఠం నేర్చుకున్నది యంత్రం ఒక్కటే అనుకుంది టీచరమ్మ ఇంతసేపూ. అదైనా బాగుచెయ్యొచ్చు, తీగలు విప్పి మళ్ళీ మొదటినుంచి నేర్పొచ్చు. ఈ పిల్లని ఎలా విప్పాలి?

బుడ్డోడు ఇద్దరి మధ్యా నేల మీద కూర్చుని ఉన్నాడు. ఇస్త్రీ చొక్కాకి మట్టి. మోకాళ్ళ మీద ఫోను. అక్క తొడుక్కున్న మేజోడు పని ముగిసిందని దానికి ఇప్పుడు తెలిసినట్టుంది, చిన్నగా మోగింది. తెర మీద ఎప్పటి ప్రశ్నే. వాడు దాన్ని చదివాడు. ఆపెయ్యబోయి, ఆగి, మిడత వైపు చాపాడు.

"నువ్వు చెప్పవే. ఎంత?"

మిడత ఫోను అందుకోలేదు. గోడ వైపు తిరిగింది. "ముందు అమ్మని చెప్పమను."

బుడ్డోడు ఫోను అక్కకిచ్చాడు. ఏడాది అలవాటు, బొటనవేలు దానంతటదే ఒకటి మీదికి పోయింది. తమ్ముడు తన మొహంలోకే చూస్తున్నాడని ఆవిడకి తెలుస్తూనే ఉంది. వేలు పక్కకి జరిపి తొమ్మిది నొక్కింది. నొక్కి, వాడి మొహం వైపు చూడకుండా, ఫోను కూతురికి అందించింది.